రుమాలు వేయరాక వేసిన టోపీ

మా వీధి మలుపులో ఒకాయన మోటరు సైకిళ్లకు పంక్చర్లు వేస్తాడు. మధ్యాహ్నం ఎండ కాస్త వంగాక ఆయన సొల్యూషన్ డబ్బా మూత తీస్తే, ఆ ఘాటైన తీపి వాసన రోడ్డు దాటి, మా మేడ మెట్లెక్కి, కిటికీలోంచి నేరుగా నేను బొమ్మలు వేసుకునే బల్ల దగ్గరికి వస్తుంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా బతుకుతెరువు. ఆ వాసన తగిలిన రోజు నా చేయి నా మాట వినదు. కథలో ఉన్నది కుందేలైనా, కుండలమ్మే ముసలమ్మైనా, దాని నెత్తి మీదికి ఒక టోపీ వచ్చి కూర్చుంటుంది. హైదరాబాదులో ఆ పుస్తకాల పని చూసే అమ్మాయి మొన్న కూడా ఫోన్ చేసి, "మేడం, మన ఊళ్లలో ఇన్ని టోపీలు ఎవరు పెట్టుకుంటారండీ?" అని నవ్వింది. అలవాటమ్మా, అని నేనూ నవ్వి ఊరుకున్నాను.

మా చుట్టాలు మాత్రం నా టోపీల గురించి వేరే కథ చెబుతారు. ఎనిమిదేళ్ల వయసులో నేను వేసిన ఒక టోపీ బొమ్మ వల్ల కలిసున్న అన్నదమ్ములు విడిపోయారని, ఒక వాకిలి రెండయిందని, పెళ్లికి పోయినా చావుకు పోయినా ఎవరో ఒకరు ఆ ముచ్చట తీస్తారు. నవ్వుతూనే తీస్తారు. ఆ నవ్వుల మధ్య తల వంచుకుని కూర్చోవడం నాకు ముప్పై ఏళ్లుగా అలవాటు. ఆ తప్పు నిజంగా నాదేనా అన్న అనుమానం ఈ ఏడు దాకా నాకు రాలేదు. అందుకే దాన్ని మొదటి నుంచి చెప్పుకోవాలనిపించింది.

సిద్దిపేటలో పాత బస్టాండు నుంచి లోపలికి పోయే గల్లీలో మా పెంకుటిల్లు ఉండేది. నడుమ పెద్ద వాకిలి, వాకిట్లో ఒక చేదబావి, దాని పక్కన జామచెట్టు. వాకిలికి ఇటు వైపు రెండు అర్రల్లో అమ్మ, బాపు, నేను. అటు వైపు రెండు అర్రల్లో బాపు వాళ్ల అన్న, అంటే మా పెద్దబాపు, పెద్దమ్మ, వాళ్ల బిడ్డ సుజాతక్క. పొయ్యిలు రెండే గాని కూరగిన్నెలు రోజుకు పదిసార్లు వాకిలి దాటేవి. అన్నదమ్ములిద్దరూ కలిసి సైకిల్ టాక్సీ నడిపేవారు. టాక్సీ అంటే కారు అనుకునేరు. గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం అది. ఎర్ర రంగు సైకిళ్లు వరసగా నిలబడి ఉండేవి, ప్రతిదాని మడ్‌గార్డు మీద తెల్లగా ఒక నంబరు. బాపు పదో తరగతి చదివాడు, కళ్లద్దాలు పెట్టుకుని రాతపని చూసేవాడు. పెద్దబాపు బడి ముఖం చూడలేదు, కానీ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో బుడగ లేవకముందే చెప్పేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊది ఊది, చివరి గుక్క మాత్రం నాకు వదిలేవాడు.

నాకు చిన్నప్పుడు దమ్ము, అంటే ఉబ్బసం, ఉండేది. రెండు అడుగులు ఉరికితే చాలు, ఛాతీలో పిల్లి కూసేది. గల్లీ పిల్లలు ఎండాకాలం సెలవుల్లో చిర్రగోనె ఆడుతుంటే, వానాకాలం బురదలో సైకిలు టైర్లు కట్టెలతో కొట్టుకుంటూ ఉరుకుతుంటే, చలికాలం పొద్దున్నే మంట చుట్టూ మూగి చేతులు కాపుకుంటూ ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటే, నేను దుకాణం గడప మీద కూర్చుని చూసేదాన్ని. మంట దగ్గరికీ పోనిచ్చేవారు కాదు, పొగ పడదని. ఆటలో ఒకరు తక్కువైనా నన్ను పిలిచేవాళ్లు కాదు. వాళ్ల తప్పేమీ లేదు, నన్ను జట్టులో వేసుకున్నోళ్లు ఓడిపోతారు. నాకంటే నాలుగేళ్లు పెద్దదైన సుజాతక్క ఒక్కతే ఆట మధ్యలో వదిలేసి వచ్చి నా పక్కన కూలబడి గచ్చకాయలు తీసేది. ఆ కాసేపటి కోసం నేను రోజంతా ఎదురుచూసేదాన్ని.

ఆ ఎదురుచూపుల్లోనే బొమ్మలు మొదలయ్యాయి. దుకాణంలో సుద్దముక్కలుండేవి, ట్యూబులొచ్చే అట్టపెట్టెలుండేవి. దారిన పోయేవాళ్లను వేసేదాన్ని. ముక్కు వచ్చేది, మూతి వచ్చేది, జుట్టు మాత్రం ఎంతకీ రాకపోయేది. వెంట్రుకలు గీస్తే చీపురు కట్టలా నిలబడేవి, గీయకపోతే అందరూ బోడిగుండ్లతో మిగిలేవారు. అక్క ఆ అట్టలు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"గిదేందే, ఊరు ఊరంత యేములాడ గుడికి పోయి గుండ్లు చేయించుకొని వచ్చిన్రా?"

నాకు ఏడుపొచ్చింది. పెద్దబాపు పంపు కొట్టడం ఆపి అట్ట చేతిలోకి తీసుకుని, "నెత్తి రాకుంటే టోపీ పెట్టు బిడ్డా, ఎవలడుగుతరు?" అన్నాడు. అంతే, నాకు విద్య దొరికింది. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరి నెత్తి మీద ఏముందో చూడటమే నా పని. పోలీసు జవాను టోపీ, పోస్టాయన టోపీ, పెళ్లి ఊరేగింపులో బ్యాండు కొట్టేవాళ్ల జరీ అంచు టోపీలు, శుక్రవారం నమాజుకు పోయేవాళ్ల తెల్లటి గుండ్రటి టోపీలు, చలికి ముసలాళ్లు దించుకునే మంకీ టోపీలు. వానలో పొలం నుంచి వచ్చేవాళ్లు యూరియా సంచి ఒక మూలను ఇంకో మూలలోకి నొక్కి నెత్తి మీదుగా వీపు కప్పుకుంటారు చూడండి, అది నా లెక్కలో రాజుగారి టోపీ. గొర్రెలు తోలుకొచ్చే తాత గొంగడి కొప్పెర కూడా టోపీయే. పెళ్లికొడుకు బాసింగం కూడా. ఆడవాళ్లు టోపీలు పెట్టుకోరు కదా అని అక్క ఎకసెక్కం చేస్తే, బతుకమ్మను నెత్తినెత్తుకుని కోమటిచెరువుకు పోయే అమ్మలను, పెద్దమ్మలను వరసగా వేసి, మీ అందరికంటే పెద్ద టోపీలు వీళ్లవేనని చూపించాను. తంగేడు పసుపు కోసం అమ్మ డబ్బాలోంచి నిజం పసుపే తీసి రుద్దాను, దెబ్బలు తిన్నాను.

ఒక్కటి మాత్రం నాకు లొంగలేదు. అది పెద్దబాపు తలకు చుట్టే రుమాలు. ఎర్రటి పొడుగు గుడ్డ, పొర మీద పొర, ఒక పొర దగ్గర మొదలుపెడితే ఎక్కడ తేలుతుందో తెలియదు. ఎన్నిసార్లు వేసినా జిలేబీ చుట్ట అయ్యేది.

ఆ ఏడు బతుకమ్మ తొమ్మిది రోజులూ ముసురు పట్టలేదు, ఆకాశం కడిగినట్టు ఉండేది. అమ్మా పెద్దమ్మా పొద్దున్నే గునుగు పువ్వులకు రంగులద్ది వాకిట్లో ఆరబెట్టేవారు, మధ్యాహ్నం రొట్టెలు చేసి బెల్లంతో దంచి మలీద ముద్దలు కట్టేవారు, నువ్వులు వేయించిన వాసన గల్లీ మొత్తం తిరిగొచ్చేది. చివరి రోజైన సద్దుల నాడు పులిహోర, పెరుగన్నం, సత్తుపిండి తింటూ చెరువుగట్టు మీద అక్క నా వీపుకు వీపు ఆనించి కూర్చుంది. పెద్దబాపు ఆ తొమ్మిది రోజులూ ఎందుకో ముభావంగా ఉన్నాడు. సాసర్లో చివరి గుక్క వదలడం మరిచిపోయాడని నేను అలిగాను కూడా.

దసరా నాడు మా ఇంటికి ఒక ఆనవాయితీ ఉండేది. తాత పోయినప్పటి నుంచీ, సైకిళ్లు కడిగి, పానాలకూ పంపులకూ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, బాపు కొత్త ఎర్ర రుమాలు మడత విప్పి తన చేతులతో అన్న తలకు చుట్టేవాడు. ఇంటికి పెద్ద నువ్వే అని చెప్పడం అది. ఆ రోజూ చుట్టాడు. పెద్దబాపు తల వంచి కూర్చున్నాడు, బాపు మునివేళ్ల మీద లేచి జాగ్రత్తగా చుట్టాడు, కొస లోపలికి దోపి, వంగి కాళ్లు మొక్కాడు. అంత పెద్దవాళ్లిద్దరూ అలా ఉండటం నేను కళ్లార్పకుండా చూశాను. దాన్ని ఎలాగైనా వేయాలనుకున్నాను.

అందరూ యాటకూర, గారెలు తిని కునుకు తీస్తున్న వేళ నేను ఒక్కదాన్నే దుకాణం దగ్గరికొచ్చి, మూసి ఉన్న నీలం రంగు చెక్క తలుపు మీద సుద్దముక్కతో మొదలుపెట్టాను. బాపుకు కళ్లద్దాలు, పెద్దబాపుకు గుబురు మీసాలు, ఎవరెవరో గుడ్డివాడికైనా తెలిసేలా వేశాను. అన్న తల మీదికి తమ్ముడి రెండు చేతులు. ఇక రుమాలు. వేశాను, అరచేత్తో తుడిచాను, మళ్లీ వేశాను. ఏడుసార్లు జిలేబీయే అయింది. తలుపు తెల్లగా మరకలు పడుతోంది. చివరికి విసుగొచ్చి, నాకు చేతనైన పనే చేశాను. మంచి అంచున్న, నిటారుగా నిలబడ్డ ఒక దొరటోపీ వేసి, బాపు చేతుల్లో పెట్టాను.

సాయంత్రం ఊరంతా కొత్త బట్టల్లో జమ్మికి కదిలింది. మా వాళ్లూ బయలుదేరారు. నేను అక్క చేయి పట్టుకుని, నా బొమ్మ చూపించాలన్న తొందరలో అందరికంటే ముందు నడిచాను. దుకాణం ముందు పదిహేను మంది గుమిగూడి ఉన్నారు. ఎదురుగా చాయ్ హోటలు నడిపే రాజయ్య మమ్మల్ని చూడగానే గొంతెత్తాడు.

"ఏందే మల్లన్నా! తమ్ముడు నీకు మంచిగ టోపీ పెట్టినట్టున్నడు గదనే!"

అందరూ గొల్లుమన్నారు. టోపీ పెట్టడమంటే మోసం చేయడమని నాకు అప్పటికి తెలియదు. నా బొమ్మ బాగుందని నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను. పెద్దబాపు ఒక్కడే నవ్వలేదు. తలుపు దగ్గరగా వచ్చి, బొమ్మను చాలాసేపు చూసి, పొద్దున చుట్టిన రుమాలు మెల్లగా పొరలు పొరలుగా విప్పి, మడతపెట్టి బాపు చేతిలో పెట్టాడు.

"ఇండ్లల్ల అనుకునే ముచ్చట్లే పిల్లలు గీస్తరు తమ్మీ. ఇగ చాలు. ఎవలది వాళ్లు చూసుకుందాం."

"అది రుమాలు పెద్దబాపూ, నాకు వేయ రాలే," అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. దమ్ము ఎక్కి మాట సగమే వచ్చింది. ఆయన నా వైపు చూశాడు, నా నెత్తి మీద ఒకసారి చేయి పెట్టాడు, జమ్మికి పోకుండా వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు. బాపు చేతిలో రుమాలుతో అక్కడే నిలబడిపోయాడు. అది పిల్ల బొమ్మ అన్నా అని గాని, రుమాలుకు బదులు వేసింది అని గాని ఆయన నోట రాలేదు.

దీపావళి లోపల వాకిలి నడుమ గోడ లేచింది. బావి మా వైపు పడింది, జామచెట్టు వాళ్ల వైపు. పెద్దబాపు దుకాణం మాకే వదిలేసి, తన వాటా సైకిళ్లు తీసుకుని మెదక్ రోడ్డు మీద వేరే పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి చుట్టమూ కారణమడిగేది, చెప్పింది విని నన్ను చూసేది. "ఇంటి గుట్టు లంకకు చేటని ఊకెనే అన్లే," అని ఒక మేనత్త నా బుగ్గ గిల్లి మరీ పోయింది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారే, అంతకంటే గట్టిగా నా సుద్దముక్కకూ ఆ గోడకూ ముడిపడింది. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బాగుండేది, ఏడ్చి ఊరుకునేదాన్ని.

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు ఒక వైపు నా చెవి ఉండేది. అటు పక్క అక్క పాఠాలు చదవడం, స్నేహితురాళ్లతో తొక్కుడుబిల్ల ఆడటం, పెద్దమ్మ ఆమెకు జడ వేస్తూ కసరడం వినేదాన్ని. మాట్లాడొద్దని వాళ్ల ఇంట్లో గట్టిగా చెప్పారో, అక్కకే కోపముందో తెలియదు, గల్లీలో ఎదురైతే తల తిప్పుకునేది. ఒక వానాకాలం నేను జ్వరంతో పడుకున్నప్పుడు గోడ మీదుగా మూడు జామకాయలు వచ్చి బావి దగ్గర పడ్డాయి. అవి చెట్టు నుంచి రాలాయో ఎవరైనా విసిరారో తేల్చుకోలేక వాటిని తినకుండా దాచి, కుళ్లిపోయాక పారేశాను. అంత ఒంటరితనం నాకు తర్వాత ఎప్పుడూ రాలేదు. వచ్చినా, ఎనిమిదేళ్లప్పుడు చూసిందే కదా అనిపించేది.

విచిత్రమేమిటంటే, ఆ బొమ్మ తర్వాత బాపు నన్ను బొమ్మలు మానమనలేదు. ఆ వారమే పన్నెండు రంగుల స్కెచ్ పెన్నుల డబ్బా తెచ్చాడు. తర్వాత తెల్ల కాగితాల పుస్తకం, ఆ తర్వాత నీళ్ల రంగులు. "గియ్యి బిడ్డా, నీ ఇష్టమున్నట్టు గియ్యి," అనేవాడు, నా ముఖం చూడకుండా. అంత తప్పు చేసిన పిల్లను క్షమించిన తండ్రి అని నేను పొంగిపోయేదాన్ని. బొమ్మలు నేర్చుకోవడానికి హైదరాబాదు పంపిందీ ఆయనే. మిగతా చుట్టాలు నన్ను చూసి నవ్వే ప్రతిసారీ, మా బాపు ఒక్కసారీ నవ్వలేదని తలుచుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని.

ఈ ఏడు చలికాలంలో పెద్దబాపు పోయాడు. పోయిన రోజు బాపు వెళ్లి శవం కాళ్ల దగ్గర కూర్చుని వచ్చాడు గాని, దినాలకు మోకాళ్ల నొప్పి అని రాలేదు. నేను పోయాను. భోజనాల దగ్గర మామూలుగానే ఎవరో "గీ పిల్ల బొమ్మతోనే గదా," అని మొదలుపెట్టారు, నేను మామూలుగానే తల వంచుకున్నాను. సుజాతక్క నన్ను చేయి పట్టి లేపి పెరట్లోకి తీసుకుపోయింది. ఆమె జుట్టు నాకంటే ముందే నెరిసింది. నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, అడగకుండానే అంది.

"నీ బొమ్మతోని కాదే పిల్లా. బస్టాండు ముంగట ఇద్దరు కలిసి కొన్న జాగ లేదూ, దానికి కరెంటు మీటరు పెట్టిద్దామని మా బాపు కాయితం పట్టుకపోతే, కరెంటాఫీసు సారు సదివి, గిండ్ల నీ పేరే లేదు గదయ్యా అన్నడట. చిన్నబాపు ఒక్కని పేరు మీదనే రాయించుకున్నడు. గది బతుకమ్మ ముందటి ముచ్చట. రెండు రోజులు బువ్వ తినలే మా బాపు."

"మరి గా దినం నా బొమ్మ చూసి..."

"నువ్వు గీసింది రుమాలని మా బాపుకు ఎరుకే. తమ్ముడు మోసం చేసిండని నలుగుట్ల ఎట్లంటడు? సొంత తమ్ముడాయె, తన చేతుల పెరిగినోడాయె. ఇడిపోవాలె, కారణం చెప్పరాదు. గప్పుడే నీ బొమ్మ దొరికింది."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీకు ఎరుకే అనుకున్న. చిన్నబాపు చెప్పే ఉంటడనుకున్న," అంది అక్క, నిజంగానే ఆశ్చర్యపోయి.

నాకు మొదట కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద, బతికున్న మనిషి మీద కూడా. ఒకాయన తమ్ముడి పరువు కాపాడటానికి, ఇంకొకాయన తన పరువు కాపాడుకోవడానికి, ఇద్దరికీ నేను అక్కరకొచ్చాను. నెత్తి మీద చేయి పెట్టింది ఒకరు, స్కెచ్ పెన్నులు తెచ్చిచ్చింది ఒకరు. మధ్యలో గోడకు చెవి ఆనించి పెరిగింది నేను. ఆ కోపంతోనే, బాపును నిలదీద్దామని ఆటో కూడా ఎక్కకుండా, ఊళ్లోనే ఇప్పుడు మేముంటున్న మేడకు నడిచాను.

నడుస్తుంటే చూశాను, మా గల్లీలో పెంకుటిళ్లు ఒక్కటీ లేవు. మా ఇల్లూ, వాళ్ల ఇల్లూ ఎప్పుడో అమ్ముడుపోయాయి, రెంటినీ కలిపి కొన్నాయన గోడ కూలగొట్టి ఒకే మేడ కట్టాడు. బస్టాండు ముందటి జాగలో సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. బాపు దాన్ని అమ్మిన డబ్బుతోనే నా చదువు సాగిందని ఇప్పుడు తడుతోంది. కిరాయి సైకిళ్లు లేవు, సుద్దముక్కకు దొరికే చెక్క తలుపులు లేవు, అన్నీ ఇనుప షట్టర్లే. బ్యాండు వాళ్లు మామూలు చొక్కాల్లో కొడుతున్నారు. బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా ఒక్క ఎర్ర రుమాలు కనబడలేదు.

బాపు కుర్చీలో కూర్చుని నా కోసమే చూస్తున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి, మెడ సన్నబడి చొక్కా కాలరు వదులైంది. కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే అడిగాడు.

"మల్ల గా బొమ్మ ముచ్చట తీసిన్రా బిడ్డా?"

"తీసిన్రు బాపు."

"నువ్వేమన్నవ్?"

నోటి దాకా వచ్చింది. ఆయన చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆయన చెబుతాడేమోనని కాసేపు ఆగాను.

"చిన్నతనంల తెల్వక గీసిన, తప్పు నాదే అన్న," అన్నాను.

బాపు కిటికీ వైపు తిరిగాడు. కుర్చీ మీద పట్టు మెల్లగా వదులైంది.

"మంచిగన్నవ్ బిడ్డా," అన్నాడు.